ఇరవై బొమ్మలు

ఆ ఉదయం మబ్బు ఈనబోయే గేదె పొదుగులా కిందికి దిగి ఉంది. కురవదు, తెరిపీ ఇవ్వదు. ఆసుపత్రిలో మాటలు నేర్పే గదిలో పొద్దున్నే లైటు వేసుకోవాల్సి వచ్చింది.

లైటు వేసి ఇటు తిరిగేసరికి స్టీలు గ్లాసు వచ్చి, అక్కడ శిక్షణలో ఉన్న అమ్మాయి కనుబొమ్మకు తగిలింది.

ఆమె రుమాలు అద్దుకుంది. గ్లాసు బొమ్మ ఉన్న అట్టముక్క తీసి, అది విసిరిన కాంట్రాక్టరు ముందు పెట్టింది.

"ఇదేంటి బాబాయ్ గారూ?"

కాంట్రాక్టరు కుడి చెయ్యి ఒళ్లో చచ్చుబడి ఉంది. ఎడమది మాత్రం ఒకప్పుడు ఇటుకలు మోసిన చెయ్యే. బల్ల అంచు పట్టుకుని, పళ్లు బిగించి, "గ్లా... గ్లాసు" అన్నాడు. ఆమె పుస్తకంలో టిక్కు పెట్టుకుంది. ఇరవై నాలుగో గంట అయిపోయింది.

స్పీచ్ థెరపీలో పీజీ పట్టా ఊరికే చేతికి రాదు. పరీక్షలు పాసవ్వాలి, థీసిస్ రాయాలి, ఆ పైన పేషెంట్లతో నాలుగు వందల గంటలు కూర్చోవాలి. ప్రతి గంటకూ పాఠం చెప్పే మేడం సంతకం పడాలి. నత్తి పిల్లలతో, గొంతు పోయిన టీచర్లతో మూడు వందల డెబ్బై అయిదు గంటలు ఎప్పుడో గడిచాయి. మిగిలిన ఇరవై అయిదూ మెదడు దెబ్బతిని మాట పడిపోయిన పెద్దవాళ్లతోనే చెయ్యాలి. ఆఖరి గంట బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ ఎదుట. ఇరవై బొమ్మల్లో పదిహేనింటికైనా పేషెంటు పేరు చెప్పాలి. చెప్పకపోతే ఇంకో ఏడాది గోవిందా.

ఈ కేసు ఆమె అడిగి తీసుకుంది. కాంట్రాక్టరు ఇంట్లోనే, మేడ మీద గదిలో అద్దెకుంటోంది. మూడు నెలల కిందట ఆ ఇంటి పెరట్లో ఎవరో ఇనప గొట్టంతో ఆయన తల పగలగొట్టారు. దొంగలన్నది ఆయన భార్య. ఆ పెనుగులాటలోనే ఆవిడ మణికట్టూ విరిగిందని పోలీసులు రాసుకున్నారు. కాంట్రాక్టరు బతికి బయటపడ్డాడు గానీ మాట పోయింది. ఏది అడిగినా "అదదదా" అనేవాడు. అవునా అన్నా తల ఊపేవాడు, కాదా అన్నా ఊపేవాడు. ఎస్సై నాలుగుసార్లు తిరిగి విసిగిపోయి, మాట వచ్చాక కబురు పెట్టమని చెప్పి పోయాడు.

తెలిసినవాళ్లకు వైద్యం చేస్తే మొహమాటాలు అడ్డొస్తాయని మేడం మొదట ఒప్పుకోలేదు. తక్కిన విద్యార్థులంతా తలలు దించుకునేసరికి సరేనంది. అప్పటి నుంచీ రోజూ భార్య ఆయన్ను ఆటోలో తీసుకురావడం, గదిలో దింపి బయట బెంచీ మీద కూర్చోవడం.

మొదటి రోజే అమ్మాయి జుట్టు పట్టుకుని తలను బల్లకేసి బాదాడు. అయిదో గంటలో మోచేతి పైన కండ ఊడేలా కొరికాడు. మూడు కుట్లు పడ్డాయి. పదకొండో గంటలో ఇనప కుర్చీ గాల్లోకి లేచింది. అదే మనిషి బీపీ చూసే నర్సు దగ్గరా, కాళ్లూ చేతులూ వంచే ఫిజియో దగ్గరా గంగిగోవు.

నీ దగ్గరే ఎందుకే ఈ వీరంగం అని మేడం అడిగింది. నోట్లో ఆడని మాట చేతుల్లోకి వస్తుందనీ, మాట్లాడించేది తనే గనక తన మీదే పడుతుందనీ అమ్మాయి చెప్పింది. మేడంకు ఆ జవాబు ఎంత నచ్చిందంటే, మర్నాడు క్లాసులో బోర్డు మీద రాసింది.

దెబ్బతిన్న మెదడులోకి సాధన చేయించిన మాటలే ముందు తిరిగొస్తాయి. ఏ మాటలు సాధన చేయించాలో ఎంచుకోవడం థెరపిస్టు పని. అమ్మాయి బొమ్మలన్నీ తనే గీసుకుంది.

ఆఖరి గంటకు వచ్చిన ఎగ్జామినర్ నెరిసిన తల పెద్దాయన. అట్టముక్కలు తిరగేసి కళ్లజోడు ముక్కు మీదికి జార్చాడు.

"అన్నీ వస్తువులేనా? మనుషులేరమ్మా? ఆడ, మగ, ఇంట్లోవాళ్లు?"

"వస్తువులు సులువు సార్. మనుషుల్ని ఆఖరికి ఉంచాను."

ఆయన అదీ నిజమేలెమ్మని మొదలుపెట్టాడు. కాంట్రాక్టరు చెమటలు కక్కుతూ పద్దెనిమిది చెప్పాడు. మేడం సంతకం పెట్టేసింది.

మాట వస్తోందని కబురంది గుమ్మంలో కాచుకుని ఉన్న ఎస్సై అప్పుడు లోపలికొచ్చాడు. కాంట్రాక్టరు ఎదుట వంగి, పసివాణ్ని అడిగినట్టు అడిగాడు.

"ఎవరు కొట్టారయ్యా నిన్ను?"

కాంట్రాక్టరు మెడ నరాలు మోకుల్లా లేచాయి.

"గొ... గొడుగు." కాదన్నట్టు తల విదిలించాడు. "తాళం. కత్తె... కత్తెర."

కళ్లలోంచి నీళ్లు కారాయి. ఉన్నట్టుండి కుర్చీతో సహా అమ్మాయి మీద పడ్డాడు. ఎడమ పిడికిలి ఆమె దవడ మీద ఒకటి, రెండు, మూడు. పెదవి చిట్లి నెత్తురు గోడ మీదికి చిమ్మింది. ఎస్సై, ఇద్దరు వార్డుబాయ్‌లు కలిసి గుంజితే గానీ ఆ పిడికిలి వెనక్కి రాలేదు.

ఎస్సై ఆమెను లేవదీసి కూర్చోబెట్టాడు.

"నిన్ను చంపేసేలా ఉన్నాడు కదమ్మా. చేతులెత్తి దణ్ణం పెట్టొచ్చు నీ ఓపికకి."

కత్తెర మీద కేసు పెట్టలేనని గొణుక్కుంటూ ఫైలు మూసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం కాంట్రాక్టరు ఇంట్లో ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. ఆయన భార్య ముందు ఆయనకు వడ్డించింది. వాచిన దవడ చూసి, అమ్మాయికి మెత్తగా కలిపి పెట్టింది. ఆయన నములుతూ అమ్మాయినే చూస్తున్నాడు. ఆమె తల వంచుకుని తింటోంది.

పెరట్లో భార్య చెయ్యి విరిచి, గొంతు మీద కాలేసి తొక్కుతున్న తనను వెనక నుంచి ఇనప గొట్టంతో కొట్టింది ఈ అమ్మాయేనని, ఆ ఇరవై అయిదు గంటలూ ఆయన తనకు మిగిలిన ఒక్క చేత్తో అందరికీ చెబుతూనే వచ్చాడు.