కొలత తప్పని ఇల్లు

"మెట్లు వద్దు నాయనా. వాలుగా కట్టించు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి తెలుస్తుంది ఆ బాధ," అంది పెద్దావిడ, మడత కుర్చీని నీడలోకి జరుపుకుంటూ.

మేస్త్రీ దర్జీ ముఖంలోకి చూశాడు. దర్జీ తన భార్య ముఖంలోకి చూశాడు. ఆమె ఆకాశంలోకి చూసింది.

"వాలుగానే కానివ్వండి మేస్త్రీ. రేపు మనకీ వయసొస్తుంది," అన్నాడు దర్జీ.

పెద్దావిడ వాళ్లకి చుట్టమేమీ కాదు. పునాది తవ్విన రోజున కర్ర పొడుచుకుంటూ వచ్చి, "నాకూ ఇక్కడే స్థలముంది నాయనా," అంది. దర్జీ పక్కనున్న ఖాళీ స్థలం వైపు చూశాడు. దాన్నిండా మనిషెత్తు ముళ్లకంపలు. పాపం, కొనుక్కుంది గానీ కట్టుకునే ఓపిక లేదు కాబోలు అనుకున్నాడు.

"ఒక్క మాట. స్థలం సరిగ్గా చూసుకున్నావా?" అని అడిగిందావిడ.

దర్జీకి చిర్రెత్తుకొచ్చింది. ఊహ తెలిసినప్పటి నుంచి మెడలో టేపు వేసుకు తిరుగుతున్న మనిషి అతను. కొనే రోజున అమ్మినాయన బండి మీంచి దిగకుండానే, "ఆ కరెంటు స్తంభానికి ఎదురుగా ఉన్నదే మీది," అని చూపించి వెళ్లిపోతే, పని మొదలుపెట్టే ముందు దర్జీ తన టేపుతోనే నాలుగు వైపులా కొలిచాడు. మేస్త్రీ ముసిముసిగా నవ్వుతున్నా లెక్కచేయలేదు. పొడవూ వెడల్పూ కాగితాల్లో ఉన్నట్టే అంగుళం తేడా లేకుండా వచ్చాయి.

"నేను టైలర్నమ్మా. ఒకటికి రెండుసార్లు కొలవందే కత్తెర పట్టను. కొలతల సంగతి నాకు చెప్పకండి," అన్నాడు.

ఆవిడ ఇంకేదో అనబోయింది. అతను అప్పటికే మేస్త్రీ వైపు తిరిగిపోయాడు. కాసేపు అక్కడే నిలబడి, "సరే నాయనా, నీ ఇష్టం," అని వెళ్లిపోయింది. మర్నాడు కుర్చీ తెచ్చుకుంది.

అప్పటినుంచి ఆవిడ రాని రోజు లేదు. మూలనున్న నిమ్మమొక్కను కూలివాళ్లు పీకబోతే కర్ర అడ్డం పెట్టి, "నేను నాటింది. ఉండనివ్వండి," అంది. ఖాళీ స్థలం కనబడితే ఎవరో ఒకరు ఏదో ఒకటి నాటుకుంటారులే అని దర్జీ సరిపెట్టుకున్నాడు. ఆ నిమ్మచెట్టు కనబడేలా కిటికీ పెట్టించమంది. వంటగట్టు కాస్త కిందికి దించమంది. స్నానాల గదిలో పట్టుకోవడానికి గోడకో కడ్డీ బిగించమంది. అన్నీ మంచి మాటలే, కాదనడానికి నోరు రాదు. పైగా సిమెంటు తక్కువేసి పూసిన చోట గోరుతో గీకి చూసి, మేస్త్రీ చేత మళ్లీ పూయించేది. కూలివాళ్లు గోడలు తడపకుండా వెళ్లిపోతే తనే గొట్టం పట్టుకునేది.

"ఏమండీ, ఇల్లు మనదా, ఆవిడదా?" అని ఒకరోజు భార్య విసుక్కుంది.

"పోనిద్దూ. కాపలాకి మనిషిని పెట్టుకుంటే జీతమివ్వాలి. ఆవిడ ఊరికే చూస్తోంది," అన్నాడు దర్జీ.

ఆమె విసుగు పైపైదే. పెళ్లయినప్పటి నుంచీ కొట్టు వెనకాల ఒక్క గదిలో కాపురం, బట్టలు కత్తిరించే బల్ల కింద పడక. నిద్రలో లేచినప్పుడు నెత్తి బల్లకి ఎన్నిసార్లు కొట్టుకుందో ఆమెకే తెలుసు. అందుకే గోడ లేచినప్పుడల్లా చేత్తో తడిమి చూసి కళ్లనీళ్లు పెట్టుకునేది. ఉన్నదంతా ఊడ్చి ఇందులో పెట్టారు. ఇది పూర్తి కాకపోతే మళ్లీ ఆ బల్ల కిందకే.

వాన పడి పని ఆగిన ఒక పూట ముగ్గురూ కొత్త కప్పు కింద కూర్చున్నారు.

"నువ్వెప్పుడూ పొరపాటు చెయ్యలేదా నాయనా?" అడిగింది పెద్దావిడ.

"ఒక్కసారి చేశానమ్మా," అని నవ్వాడు దర్జీ. "ఒకాయన గుడ్డతో ఇంకొకాయనకి చొక్కా కుట్టేశాను. కుట్టడం మటుకు ఎంత బాగా కుట్టానో."

"మరి ఎవరికిచ్చావు?"

"గుడ్డగలాయనకే. ఆయనకీ సరిపోయింది, అదో అదృష్టం. కూలి అడగలేదు. చూసుకోకపోవడం నా తప్పే కదా."

"న్యాయమే," అంది పెద్దావిడ, వాన వైపు చూస్తూ.

వైరు లాగడానికి వచ్చిన కరెంటు మనిషి, స్తంభం ఎదురుగానే ఉండటం చూసి సంతోషించాడు.

"రోడ్డు వేసినప్పుడు ఇటు జరిపారులే," అంది పెద్దావిడ నిమ్మమొక్కకి నీళ్లు పోస్తూ.

"మనకే మంచిదైంది. వైరు కలిసొచ్చింది," అన్నాడు దర్జీ.

రంగులు ఆరాయి. తలుపులకి తాళాలు బిగించారు. ఆ ముందురోజు భార్యే అంది, "ఆవిడకెవరూ ఉన్నట్టు లేరు. పక్క గది ఇచ్చేద్దామండీ. మనకీ పెద్దదిక్కుగా ఉంటుంది." దర్జీకి ఆ మాట నచ్చింది. ఒక మనిషికి నీడ ఇవ్వగల స్థితికి వచ్చానని గర్వం కూడా కలిగింది.

"పెద్దమ్మగారూ, కన్నబిడ్డలా చూసుకున్నారు ఈ ఇంటిని. పక్క గదిలో మీరుండండి. అద్దె మాట ఎత్తొద్దు," అని తాళంచెవి ఆవిడ చేతికిచ్చాడు. "తలుపు మీరే తీయండి."

పెద్దావిడ కళ్లొత్తుకుంది. వాలు మీదుగా నెమ్మదిగా ఎక్కి తలుపు తీసింది. వంటగట్టు మీద చెయ్యి ఆనించి చూసుకుంది. కిటికీ తెరిచి నిమ్మచెట్టుకేసి కాసేపు చూసింది. బయటికొచ్చి తాళంచెవి కొంగున ముడేసుకుంది.

"మంచి మనసు నాయనా నీది. నాకూ తోడు కావాలి. ఆ పక్క గదిలో మీరిద్దరూ ఉండండి. అద్దె మాట ఎత్తొద్దు."

"మేమెందుకమ్మా పక్క గదిలో?" అని నవ్వాడు దర్జీ.

పెద్దావిడ కర్ర ఎత్తి ముళ్లకంపల వైపు చూపించింది.

"నీ స్థలం అది నాయనా."