నస్రత్ పేరు మీద

మిర్చి కోల్డ్ స్టోరేజీకి వచ్చే చాట్లను రాత్రిపూట ఇద్దరు చూస్తారు. రిహానా గుంటూరు ఆఫీసులో, నస్రత్ ప్రత్తిపాడులోని ఇంట్లో. ఒకరు అందుకున్న చాట్‌లో రెండోవారు వేలు పెట్టకూడదన్నది వాళ్ళ కట్టుబాటు.

ఆ రాత్రి పానకాలు అనే రైతు రాశాడు. "మేడం, నా బస్తాలు చూసుకుంటుంటే తలుపేసేశారు. మూడో గదిలో ఉండిపోయా. చలికి చచ్చిపోతున్నా."

రిహానా జవాబు రాయబోయేంతలో ఆ చాట్ అందుకున్నట్టు పక్కన నస్రత్ పేరు వెలిగింది. రిహానా చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎంతసేపటికీ జవాబు వెళ్ళకపోయేసరికి మనసు ఊరుకోక నస్రత్‌కి ఫోన్ చేసింది.

"వాచ్‌మన్ సుభానీ తాతకి చెప్పావా? నిద్రపోతున్నాడా మళ్ళీ?"

"ఏం చెప్పాలక్కా? సాయంత్రం నుంచి కరెంటే లేదు. కంప్యూటర్ తెరవనే లేదు."

రిహానా తెర వైపు చూసింది. నస్రత్ పేరు మీద అప్పుడే జవాబు వెళ్ళింది.

"తలుపు దగ్గర ఉండకండి. ఇంకా లోపలికి రండి. ఇక్కడ వెచ్చగా ఉంది."

రిహానా ఫోన్ చేసి సుభానీని లేపి, మూడో గదికి పరుగెత్తించింది. పానకాలుకి రాసింది. "వెళ్ళకండి. తాళం తెస్తున్నారు."

తర్వాత పానకాలు రాశాడు.

"ముందే చెప్పాల్సింది మేడం. లోపల ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. వెచ్చగానే ఉంది."