ఎడమచేతి రాత

"అక్కా, దాత తాత రాస్తున్నారట!" ఫోను పెట్టేసి కేక వేశాడు గుమాస్తా.

"రాయనీ. నెలనెలా రాస్తూనే ఉన్నారుగా," అంది ఉత్తరాల అక్క తల ఎత్తకుండా.

లోపలి గదిలో రెండో ఫోనులో అదే మాట విన్న మేనేజరమ్మ చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చింది. "రాయడం కాదయ్యా చెవిటి మాలోకం, రావడం! వస్తున్నారు! ఈ పూటే! పాపను చూడటానికి!"

సైరన్ల ధాటికి గుమాస్తా చెవి ఒకటి ఎప్పుడో రాజీనామా ఇచ్చేసింది. అతను నాలుక కరుచుకున్నాడు. అక్క ఎడమచేతిలోని పెన్సిలు ఆగిపోయింది.

యుద్ధం మొదలైన ఏడు ఆ అనాథాశ్రమం ముందు దాతలు వరస కట్టారు. నాలుగో ఏడు వచ్చేసరికి దాతల వరసే మారింది. మొదటి ఏడు ఏడ్చినవాళ్ళు ఇప్పుడు ఫోను కూడా ఎత్తడం లేదు. జాలికి కూడా చలేస్తుంది, ముడుచుకుంటుంది. ముడుచుకోనిది ఒక్క తాతే. తనకు ఇక్కడి పాప నెలనెలా రాసే ఉత్తరాన్ని నీళ్ళ క్యూలో పైకి చదివి వినిపిస్తారట. విన్న వీధి వీధంతా దుప్పట్లూ మేజోళ్ళూ బొగ్గూ మూటగట్టి పంపుతుంది. ఇరవై ఆరుమంది పిల్లల చలికాలం ఆ ఒక్క ఉత్తరం మీద గడుస్తోంది.

ఉత్తరం రాసే పాప పోయి మాత్రం రెండేళ్ళయింది. బడి మీద బాంబు పడిన రోజున.

ఆ నెల ఉత్తరం ఆగితే మూట కూడా ఆగుతుందని, అక్క పెన్సిలును ఎడమచేతికి మార్చుకుంది. వంకర అక్షరాలు అచ్చం పాపవే. ఒక్కసారికే అనుకుంది. కానీ అబద్ధానికి ఆకలెక్కువ. ఈ రెండేళ్ళలో లేని పిల్లకు రెండు పళ్ళు ఊడగొట్టి మళ్ళీ మొలిపించింది. పన్నెండో ఎక్కం దాకా అప్పజెప్పించింది. ఒక్కోసారి వెనకనుంచి ఆ ఎక్కం చిన్న గొంతుతో వినిపించేది. తిరిగి చూస్తే ఖాళీ బల్ల.

జవాబుల్లో తాత కూడా తక్కువ తినలేదు. 'నా మోకాలినొప్పి పూర్తిగా పోయిందమ్మా' అని వణికే అక్షరాలతో రాశారు. "యుద్ధంలో మోకాళ్ళు బాగుపడిన ముసలాయన లోకంలో ఈయనొక్కడే," అని గుమాస్తా నవ్వేవాడు.

"మూడో మంచం పిల్లకు, తాత పాపకు పంపిన ఎర్ర టోపీ పెట్టి పాపేనని చూపిద్దాం. ముసలాయనకు చూపు ఆనదు," అంది మేనేజరమ్మ.

"లేని పిల్లను ఉందన్నాను, సరే. ఉన్న పిల్లను లేనిదాన్ని చెయ్యమంటారా మేడమ్?"

గేటు చప్పుడైంది. వచ్చింది తాత కాదు. నడివయసు ఆడమనిషి, చంకలో మూట.

"నేను దాతగారి కూతుర్నండీ. ఫోనులో వస్తున్నానన్నది నేనే, నాన్న కాదు. మా వీధి ఖాళీ చేయిస్తున్నారు. వెళ్ళేలోగా పాపను ఒక్కసారి కళ్ళారా చూద్దామని..." మూట విప్పి మేజోళ్ళ జత తీసింది. "పాదం పెరిగి ఉంటుందని కాస్త వదులుగా అల్లాను."

ఆ వదులు చూశాక అక్క బిగపట్టుకున్నదంతా సడలిపోయింది.

"పాప లేదమ్మా. రెండేళ్ళయింది. ఉత్తరాలు నేనే రాస్తున్నాను. తిట్టండి, కొట్టండి, పడతాను. నాన్నగారికి మాత్రం చెప్పకండి. తట్టుకోలేరు."

ఆమె మేజోళ్ళను మడిచింది. విప్పి మళ్ళీ మడిచింది. చాలాసేపు మడుస్తూనే ఉంది.

"చెప్పనులెండి," అంది చివరికి.

ఏం చెయ్యాలో తోచక, గుమాస్తా అలవాటుకొద్దీ సందర్శకుల పుస్తకం ముందుకు తోశాడు. 'దాత సంతకం' అన్న గడి దగ్గర ఆమె ఆగింది. పెన్నును కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చుకుని సంతకం పెట్టింది. నెలనెలా ఉత్తరం కింద చూసే తాత పేరు, అదే వణుకు.

పుస్తకాన్ని అక్క వైపు తిప్పింది.

"నాన్న మీ పాపకన్నా ముందే పోయారు."