గోడ మీది ఖార్తూం

"ఏంటయ్యా ఈ గోడ! నీట్‌గా ఉంచమని ఎన్నిసార్లు చెప్పాలి?" అంటూ గుమ్మంలోనే ఆగిపోయాడు క్యాంప్ బాస్ చిరంజీవి.

దోహా ఇండస్ట్రియల్ ఏరియాలోని ఆ కార్మికుల క్యాంపులో పదకొండో గదికి నెలవారీ తనిఖీ అది.

కింది మంచం పక్క గోడంతా గీతలే. గీతల నిండా నల్ల చుక్కలు, చుక్కచుక్కకీ ఒక నంబరు.

ఆ మంచం ఖాసీంది. సూడాన్ మనిషి, యాభై దాటినవాడు, కంపెనీ గోదాముకి వాచ్‌మన్.

"రాజన్నా, నువ్వు పెయింటర్‌వే కదా. రేపటికల్లా తెల్లగా కొట్టెయ్."

రాజన్న ఖతర్‌లో బ్రష్ పట్టి పద్దెనిమిదేళ్ళు. అతని చెయ్యి పడని గోడ దోహాలో లేదని గదివాళ్ళు ఆటపట్టిస్తుంటారు.

ఖాసీం గబగబా వచ్చి రాజన్న రెండు చేతులూ పట్టుకున్నాడు.

"వద్దు భాయ్. ఇది నా ఊరు, ఖార్తూం" అన్నాడు వచ్చీరాని హిందీలో.

అంత పెద్దమనిషి కళ్ళలో నీళ్ళు చూసి రాజన్న మెత్తబడిపోయాడు.

"సార్, పరదా కట్టి కనబడకుంట చేస్త. మీకు మాట రానియ్య."

చిరంజీవి గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఖాసీం గోడ మీద రాజన్నకి తన ఊరు చూపించాడు.

"ఇది నీలి నైలు. ఇది తెల్ల నైలు. ఇక్కడ కలుస్తాయి. కలిశాక కూడా కొంత దూరం రెండు రంగులూ పక్కపక్కనే నడుస్తాయి."

"మా కందకుర్తి లెక్కనే ఉన్నదే! ఆడ గూడ గోదావరిల మంజీర కలుస్తది" అన్నాడు రాజన్న సంబరంగా.

నదుల నడుమ ఖార్తూం. పడమట ఒమ్‌దుర్మాన్, ఉత్తరాన బహ్రీ, నీళ్ళు కలిసేచోట తూతీ దీవి. ఇంగ్లీషు దొరలు తమ జెండా మీది గీతల్లా వీధులు వేశారని ఊళ్ళో చెప్పుకుంటారట. నది ఒడ్డున చెట్ల కింద ఆడవాళ్ళు బొగ్గుల కుంపట్లు పెట్టుకుని అల్లం టీ అమ్ముతారట. ఆ టీ సంగతి చెబుతుంటే ఖాసీం ముఖం పదేళ్ళు చిన్నదైంది.

మర్నాడు రాజన్న సైటులో డబ్బా అడుగున మిగిలిన నీలిరంగు తెచ్చి ఒక నదికి తానే పూశాడు.

మరి ఆ చుక్కలేమిటి?

ఖాసీం దగ్గర కెమెరా లేని బటన్ల ఫోన్ ఒకటుండేది. అది మోగితే చాలు, అరబ్బీలో గంటసేపు ఆరా తీసేవాడు. ఏ వీధి, ఏ మలుపు, ఏ చెట్టు అని అడిగి అడిగి, ఆఖర్న మార్కరుతో ఒక చుక్క పెట్టి నంబరు వేసేవాడు.

"ఏమున్నది, ప్లాట్ల బిజినెస్" అని తేల్చేశాడు పై మంచం గజేందర్. "మా ఆర్మూర్‌ల గూడ వెంచర్ లేఅవుట్ గిట్లనే గీస్తరు. ఆడ యుద్ధమైంది గదా, రేట్లు పడిపోయుంటయి. చవకల కొని పెడ్తుండు."

అందరికీ సబబుగానే తోచింది. నంబర్లు వేసిన పటం కనబడితే మనవాళ్ళకి ప్లాట్లు తప్ప ఇంకేం తోస్తాయి!

"ఖాసీం భాయ్, నాకు గూడ ఒక రోడ్డు బిట్టు పెట్టు" అన్నాడు గజేందర్ ఒకరోజు.

ఖాసీం నవ్వలేదు.

"నీకు ఈ నంబరు రాకూడదు బేటా" అని మార్కరుకి మూత పెట్టేశాడు.

"చూసిన్రా, మనకు అమ్మడట!" అని గదంతా పగలబడి నవ్వింది.

రాజన్నని మాత్రం ఖాసీం ఒకసారి పక్కకు పిలిచి అడిగాడు. "నేను లేకపోయినా దీని మీద బ్రష్ పెట్టవు కదా భాయ్?"

"పెట్ట. నా మీద భరోసా ఉంచు."

ఎండలు మండిపోతున్న ఒక మధ్యాహ్నం, గోదాము గేటు దగ్గర కుర్చీలోనే ఖాసీం ప్రాణం పోయింది. గుండె ఆగిందన్నారు. ఇక్కడే ఖననం చేశారు. బట్టలూ ఫోనూ సంచీలో వేసి కంపెనీవాళ్ళు పట్టుకుపోయారు.

నాలుగో రోజు చిరంజీవి మళ్ళీ వచ్చాడు.

"ఆ మంచానికి కొత్త మనిషి వస్తున్నాడు. గోడ సంగతి చూడు రాజన్నా."

"మాటిచ్చిన సార్..."

"ఎవరికయ్యా? ఆ మనిషే లేడు. పోయినవాడి ప్లాట్లు నువ్వేం చేసుకుంటావ్?"

రాజన్నకి మనసొప్పలేదు. ఒప్పకపోయినా డబ్బా తెరిచాడు.

మార్కరు సిరా మొండిది. ఒక కోటు వేస్తే చుక్కలు పైకి తేలాయి. రెండో కోటుకీ తేలాయి. ఆయిల్ ప్రైమర్ కొట్టి, దాని మీద మళ్ళీ తెలుపు వేస్తేగాని అణగలేదు. గోడ పాలలా మెరిసింది. గదివాళ్ళు భేష్ అన్నారు. రాజన్నకి మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

శుక్రవారం క్యాంపు గేటు దగ్గరికి ఒకావిడ వచ్చింది. పేరు సబ్రీన్, ఖాసీం ఊరిదే. అల్ సద్ పేటలో ఇండియావాళ్ళు ఎక్కువగా వచ్చే ఒక క్లినిక్కులో నర్సు కాబట్టి హిందీ బాగానే వచ్చు. ఖాసీం పోయిన సంగతి గేటు దగ్గరే తెలిసింది. కాసేపు ఏడ్చి, ఆ గోడ ఒక్కసారి చూసిపోతానని బతిమాలింది.

రాజన్న ఆమెను గదికి తీసుకొచ్చాడు.

ఆమె గోడని చూసింది. తర్వాత రాజన్నని చూసింది.

"అరవై రెండో నంబరు దొరికింది, శుక్రవారం వచ్చి చూసి గీసుకుపో అన్నాడు ఖాసీం ఫోన్లో. ఎల్లుండి ఊరికి వెళ్తున్నాను. ఏదీ?"

రాజన్న తల దించుకున్నాడు.

"తప్పు నాదే అమ్మా. పెయింట్ నేనే ఏసిన. గని మీ ప్లాటు యాడికి పోదు. కాగితాలు మీ దగ్గర ఉంటయి గదా?"

"ప్లాటా?"

"గదే, ఖాసీం భాయ్ మీకు అమ్మింది."

సబ్రీన్ మంచం అంచున కూలబడింది.

"ఆ చోటు ఎరిగినవాడు మా పొరుగింటి మూసా ఒక్కడే. ఖాసీంకి ఫోన్లో చెప్పిన వారానికి అతనూ చనిపోయాడు."

"ఏం చోటమ్మా?"

"తుపాకుల మధ్య శ్మశానానికి దారి లేక పెరళ్ళలో, బడి ఆవరణల్లో, రోడ్ల పక్కన జనం తమవాళ్ళని పాతిపెట్టిన చోట్లన్నీ ఒక్కొక్కటిగా అడిగి రాసి ఉంచాడు ఖాసీం భాయ్," అంటూ సబ్రీన్ ఆ తెల్లటి గోడకి అరచెయ్యి ఆనించింది, "అరవై రెండు మా అమ్మ."