పైకప్పు లేని మూల

"ఈ మూలనున్న సమాధిని వదిలేసి గ్రీన్‌హౌస్ కడదామండీ," అన్నాడు ఇంజనీరు ప్లాన్ చూపిస్తూ.

"వదలకండి. ముందు మా పిల్ల కెజియా మీదికే పైకప్పు రావాలి," అన్నాడు దేవసహాయం. "వానొస్తే చాలు, ఈ టార్పాలిన్ కప్పడానికి పరిగెత్తుకొస్తన్నానండి."

చామంతులు కోస్తున్న అతని భార్య సుగుణ గంప దించింది.

"కప్పొద్దండి."

"అదేంటి సుగుణా? పిల్ల తడిసిపోదూ?"

"జొరంతో పడుకుని, కిటికీలోంచి వాన చూస్తా, ఒక్కసారి తడుస్తాను నాన్నా అని ఎంత బతిమాలిందండీ! తగ్గేక తడుద్దువుగానిలే అన్నారు మీరు."



ప్లాన్ మీద చినుకు పడింది. ఇంజనీరు కాగితం మడిచి చెట్టు కిందికి పరిగెత్తాడు.

దేవసహాయం చెయ్యి అలవాటుగా టార్పాలిన్ మీదికి వెళ్ళి, అక్కడే ఆగిపోయింది.

"మీరన్నట్టే ఈ మూల వదిలెయ్యండి," అన్నాడు, తడుస్తూ.