నీకు తోచినట్టు అల్లు మామా

తుమ్మచెట్టు మీది గిజిగాడు అడవిలో పక్షులకు గూళ్లు అల్లిపెట్టేవాడు. ఒకసారి కాకమ్మ పట్టుబట్టి గూటి ద్వారం పైకి పెట్టించుకుంది. వద్దన్నా వినలేదు. తొలి వానకే గూడు నిండి గుడ్లు పాడయ్యాయి. "నీ పనితనం ఇంతేనా?" అని తిట్టిపోసింది. గిజిగాడు విసిగిపోయి అల్లడమే మానేశాడు.

కొన్నాళ్లకు, గుడ్లు పెట్టే వేళ దగ్గరపడిన పిచ్చుక వచ్చి బతిమాలింది.

"ద్వారం ఎటు పెట్టమంటావు?" నీరసంగా అడిగాడు గిజిగాడు.

"నాకేం తెలుసు మామా? గాలీవానా సంగతి తెలిసినవాడివి. నీకు తోచినట్టు అల్లు."

ఆ మాట అతనితో అంతవరకూ ఎవరూ అనలేదు. ద్వారం కిందికి పెట్టి, ఒక్కో పోచా లాగి చూసుకుంటూ అల్లాడు.

గుడ్లు పెట్టిన మర్నాడే గాలివాన వచ్చింది. పిచ్చుక గూట్లో హాయిగా నిద్రపోయింది. గిజిగాడు మాత్రం వాన వెలిసేదాకా ఆ గూడున్న కొమ్మ మీదే తడుస్తూ, గూటినే కనిపెట్టుకుని కూర్చున్నాడు.