పైకి రాని జలాంతర్గామి

“మునగడం బాగానే మునుగుతోంది. పైకి రమ్మంటేనే మొరాయిస్తోంది,” అంది కళావతి, గరాజ్‌లో నీళ్ళ తొట్టి మీదికి వంగి.

వెంకీ తొట్టిలో చేతులు పెట్టి ఆ బారెడు జలాంతర్గామి బొమ్మని బయటికి తీశాడు. పొట్ట నిండా నీళ్ళు. విప్పి చూస్తే ఎప్పటిలాగే, కుళాయిలో వేసేలాంటి చిన్న రబ్బరు వాషర్ అరిగిపోయి ఉంది.

“పోయిన శనివారమేగా కొత్తది వేశావ్?”

“అవునాంటీ. క్వాలిటీ బాలేదేమో.”

“అయితే మళ్ళీ వెయ్యి. అంత చిన్నవి నా కళ్ళకి ఆనవు.”

కళావతి యూనివర్సిటీలో ఏళ్ళ తరబడి ఓడల ఇంజనీరింగ్ పాఠాలు చెప్పి రిటైరైంది. దేశానికి దక్షిణపు చివర, నగర శివారైన పాయింట్ కుక్‌లో ఆమె ఇంటి వెనక వీధిలోనే వెంకీ అద్దెకుంటాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పనంతా ఇంటి నుంచే. ఒకసారి ఈ తొట్టి ఎత్తడానికి సాయం పట్టిన పాపానికి ప్రతి శనివారం ఇక్కడ తేలుతున్నాడు.

అతను జేబులోంచి ఇంకో వాషర్ తీసి బిగిస్తుంటే ఆమె పాఠం అందుకుంది. అతనికి ఎప్పుడో కంఠతా వచ్చేసిన పాఠమే.

“మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ ఓడాక, వాళ్ళ సబ్‌మెరైన్లు ఏడు జపాన్ వాటాకి వచ్చాయి. వాళ్ళేమన్నా గొప్పకి రేవులో కట్టేసుకుని కూర్చున్నారా? నడిపి చూశారు. బోల్టు బోల్టూ విప్పి చూశారు. అందులో ఒకదాన్ని చూసి సొంతంగా కట్టుకున్నారు. అలా కట్టినవాటిలో ఒకటి...”

“డార్విన్ దగ్గర సముద్రంలో ఉంది.”

“మనుషులతో సహా. ఆ యుద్ధం తర్వాతి యుద్ధంలో మునిగింది, మళ్ళీ పైకి రాలేదు.” ఆమె గొంతు తగ్గింది. “అందుకే నాది ఒక్కసారైనా పైకి రావాలి. వచ్చిన రోజే పెట్టె సర్దుకుని గీతిక దగ్గరికి వెళ్ళిపోతా. అప్పటిదాకా కదిలేది లేదు.”

గీతిక ఆమె కూతురు. ఉత్తరపు చివరనున్న డార్విన్‌లో డాక్టరు. ఇప్పుడు నెలలు నిండుతున్నాయి. వచ్చి పక్కనుండమని తల్లిని రోజూ బతిమాలుతోంది.

మూత చుట్టూ పూసిన బంక ఆరాలి గనక పరీక్ష మళ్ళీ వచ్చే శనివారమే. కళావతి పెసరట్లు వేసి, వద్దంటున్నా ఇంకోటి వడ్డించి, ఇంకాసేపు కూర్చోబెట్టి పంపింది.

గేటు దాటాడో లేదో గీతిక ఫోను.

“వెంకీ, డిడ్ ఇట్ కమ్ అప్?”

“లేదండీ. మళ్ళీ లీకు.”

“ప్రతి వీక్ ఎలా లీకవుతుంది? షి ఈజ్ యాన్ ఇంజనీర్. నాకో డౌట్. అమ్మే పాడుచేస్తోందేమో. అది ఫినిష్ అయితే నువ్వు రావడం మానేస్తావని. తనకి అక్కడ మాట్లాడ్డానికి ఎవరున్నారు?”

వెంకీ నడక వేగం పెంచాడు.

“ఆంటీ అలా చెయ్యరండీ.”

“నీకు తెలీదు. లోన్లీగా ఉన్నవాళ్ళు ఏమైనా చేస్తారు. కొంచెం కనిపెట్టి చూడు, ప్లీజ్. ఐ నీడ్ హర్ హియర్.” ఏడుస్తున్నట్టుంది.

“అలాగేనండీ,” అన్నాడు.

తాళం తీసుకుని ఇంట్లోకెళ్ళాడు. సోమవారం ఆఫీసు మీటింగ్ దాకా ఇక పలకరించేవాళ్ళు లేరు. ఆ మీటింగ్‌లో కూడా అందరూ కెమెరాలు ఆపేసుకునే ఉంటారు. టీవీ పెట్టి, రెండు నిమిషాలు చూసి కట్టేశాడు. గీతిక గొంతు తలుచుకుంటే చాలా బాధేసింది.

లేచి బాత్‌రూమ్ కుళాయి విప్పి, వచ్చే శనివారానికి ఇంకో అరిగిన వాషర్ తీసిపెట్టుకున్నాడు.